స్టేషన్ వ్యాగన్: ఒక పొడుగు డిక్కీ తారీఖ్

అమ్మీ మోకాళ్లు పూర్తిగా జవాబిచ్చేశాయి. పోయిన ఏడాది నుంచి వీల్ చెయిరే ఆమె సవారీ. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. నాకున్నది చిన్న కారు. కుర్చీ మడిచినా దాని డిక్కీలో పట్టదు. వెనక సీటు మీద పడుకోబెడితే ముందు సీట్లో అమ్మీ, స్టీరింగ్ దగ్గర నేను, అక్కడ ఆమెను పట్టుకుని దించాల్సిన మా ఆవిడేమో వెనకాల ఆటోలో. ఇదీ మా జులూస్.

బావమరిది చూడలేక తన ఎస్‌యూవీ ఇచ్చాడు. కుర్చీకి బోలెడంత చోటు. కానీ సీటు అమ్మీ నడుం కన్నా ఎత్తు. చెరో పక్క చంకలో చెయ్యేసి ఎక్కించాం. మూడోసారి ఆమె నోరు విప్పింది. "నన్ను చావల్ బోరీలా ఎత్తొద్దు బేటా." ఆ తర్వాతి వారం ఫిజియోథెరపీకి రానంది.

సీటు మామూలు కారులా కిందగా ఉండాలి, వెనక భాగం సామాన్ బండిలా పూర్తిగా తెరుచుకోవాలి. అలాంటి బండి ఒకటుందని నాకు చిన్నప్పుడే తెలుసు. 1980లలో జిద్దాలో పనిచేసిన మామూ ఒక ఫోటో పంపారు. ఓడంత పొడుగు షెవర్లే కప్రీస్ స్టేషన్ వ్యాగన్. పక్కల లకడీ నకాషీలా గోధుమ రంగు పట్టీలు. అన్నిటికన్నా వెనక, రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చునే సీటు. అందులో మా మామూ పిల్లలిద్దరూ నవ్వుతూ. వెనక్కి చూస్తూ ముందుకెళ్లే ఆ సీటు మీద నాకు చాలా ఏళ్లు హసద్ ఉండేది.

సెకండ్ హ్యాండ్‌లో స్టేషన్ వ్యాగన్ కొనాలనుకున్నాను. బజెట్ మూడు లక్షలు, పైన మరమ్మతులకు ఒక లక్ష. స్నేహితుడికి చెబితే "వ్యాగన్ ఆరా? మంచి బండే" అన్నాడు. ఈ దేశంలో వ్యాగన్ అనే మాటకు మిగిలిన అర్థం అదొక్కటే. 1999 చివర్లో మారుతి ఆ పేరు పెట్టుకున్న చిన్న బండికీ నేను వెతుకుతున్న దానికీ చుట్టరికం పేరులోనే.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. సెకండ్ హ్యాండ్ బండికి రెండూ చూడాలి. ఒక్క బండి తారీఖే కాదు, ఆ జాతి బండ్లన్నిటి తారీఖ్ చూస్తే ఏది కొనాలో, ఎక్కడ మోసపోతామో అందులోనే రాసి ఉంటుంది. రెండు నెలలు నేను చేసిన పని అదే.

స్టేషన్ వ్యాగన్ పేరులోనే స్టేషన్ ఉంది. 1910లలో, 20లలో అమెరికాలో దూర సఫర్ అంటే రైలే. రైలు దిగిన ముసాఫిర్లనూ వాళ్ల ట్రంకు పెట్టెలనూ హోటలుకో ఇంటికో చేర్చడానికి ఒక బండి కావాలి. ఫోర్డ్ మోడల్ టీ చాసిస్ తెచ్చుకుని, దాని మీద ఊళ్లో వడ్రంగి చేత కర్రతో బాడీ కట్టించేవాళ్లు. పైన కప్పు, పక్కల కిటికీలకు బదులు కాన్వాసు పర్దాలు, లోపల బెంచీలు. డిపో హ్యాక్ అనేవాళ్లు. హ్యాక్ అంటే కిరాయి బండి. మన కాచిగూడ స్టేషన్ కట్టింది 1916లో. ఆ స్టేషన్ బయట టాంగావాలాలు చేసిన పనే అక్కడ ఈ కర్ర మోటార్లు చేశాయి. అంటే ఈ ఖాందాన్ మూల పురుషుడు హమాలీ. ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత ఆ ఖాందాన్ దీన్ని దాచిపెట్టడానికి చాలా కష్టపడింది.

1929లో ఫోర్డ్ కంపెనీయే మోడల్ ఏ మీద స్టేషన్ వ్యాగన్ తయారు చేసి అమ్మడం మొదలుపెట్టింది. మిషిగన్ రాష్ట్రంలో ఐరన్ మౌంటెన్ దగ్గర ఫోర్డ్‌కు సొంత అడవులు, సొంత కోత మిల్లు ఉండేవి. కర్రకు కరువు లేదు. అయితే కర్ర బాడీకి ఒక ముసీబత్ ఉంది. ఎండకు ఎండుతుంది, వానకు ఉబ్బుతుంది. మేకులు, మరలు వదులవుతాయి. ఏటేటా వార్నిష్ వేయించకపోతే కుళ్లుతుంది. ఉక్కు కారు కన్నా ధర ఎక్కువ, పోషణ ఇంకా ఎక్కువ. బీదవాడి సామాన్ బండి అలా మెల్లగా అమీర్ల బండి అయింది. ఊరవతల బంగళా, అందులో నౌకర్లు, వాళ్లలో ఒకడు కారుకు వార్నిష్ పూయడానికి. 1941లో క్రైస్లర్ తన కర్ర బండికి టౌన్ అండ్ కంట్రీ అని పేరు పెట్టేసరికి హమాలీ వాసన పూర్తిగా పోయింది. లకడీ షాన్ అయింది. (మన లకడీకాపూల్‌లో లకడీ ఎప్పుడో పోయి పేరు మిగిలినట్టు, వీటిలోనూ తర్వాత అదే జరిగింది. చెబుతాను.)

సముద్రానికి ఇవతల ఇంగ్లండ్‌లో ఈ బండి పుట్టుక ఇంకో రకం. అక్కడ దాన్ని షూటింగ్ బ్రేక్ అన్నారు. దొరలు షికార్‌కు వెళ్లేటప్పుడు తుపాకులు, కుక్కలు, కొట్టిన పిట్టలు వేసుకునే బండి. బ్రేక్ అనేది గుర్రాలకు బండి లాగడం నేర్పే రోజుల్లోని మాట. తర్వాత ఎస్టేట్ కార్ అన్నారు. ఎస్టేట్ అంటే మన లెక్కలో జాగీర్. జాగీర్దార్ పొలాల మధ్య తిరగడానికి, సామాన్ తెచ్చుకోవడానికి వాడే బండి. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ బ్రేక్ అనే అంటారు. జర్మన్లు కొంబీ. ఒకే బండిని అమెరికావాడు స్టేషన్‌తో, ఇంగ్లిషువాడు జాగీర్‌తో గుర్తుపెట్టుకున్నాడు.

మన జాగీర్దార్లకు, నవాబులకు మోటార్లు తక్కువేం కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, నిజాం వాడిన థ్రోన్ కార్. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. వెనక ఎత్తుగా ఒక తఖ్త్, దాని మీద కూర్చునేది ఒక్కరు. సామాన్ పెట్టడానికి చోటు వెతికితే దొరకదు. దొరకాల్సిన అవసరమూ లేదు, హుజూర్ సామాన్ వేరే బండిలో వస్తుంది. మన దగ్గర కారు అంటే ఇప్పటికీ ఆ తఖ్తే అని నాకనిపిస్తుంది. సామాన్ కనబడితే ఇజ్జత్ తగ్గుతుంది. ఇది నా ఖయాల్ మాత్రమే. కానీ తర్వాత మన దేశంలో ఈ బండికి పట్టిన గతి చూస్తే వేరే వజహ్ తోచదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కర్ర పని అయిపోయింది. 1946లో విల్లీస్ కంపెనీ పూర్తి ఉక్కు బాడీతో జీప్ స్టేషన్ వ్యాగన్ తెచ్చింది. 1949లో ప్లిమత్ ఉక్కు వ్యాగన్ మామూలు ఇళ్లవాళ్లకు అందింది. వార్నిష్ అక్కర్లేదు, పిల్లలు తొక్కినా ఫరవాలేదు. నగరాల చుట్టూ కొత్త కాలనీలు లేచిన కాలం అది. ఇంటికి ముగ్గురు పిల్లలు, వారానికి సరిపడా కిరాణా, సెలవుల్లో టెంటు. వ్యాగన్ కుటుంబాల బండి అయిపోయింది. అయితే జనం లకడీ షాన్ మరచిపోలేదు. 1950లలో ఫోర్డ్ కంట్రీ స్క్వైర్ ఉక్కు పక్కల మీద కర్రలా కనిపించే వినైల్ అతికించింది. మా మామూ కప్రీస్ మీది గోధుమ పట్టీలు వాటి వారసులే. కాగితం లాంటి స్టిక్కర్ కోసం నేను పదేళ్లు హసద్ పడ్డాను.

యూరప్‌లో కథ ఇంత నాటకీయంగా లేదు, కానీ ఇవాళ మనం లగ్జరీ వ్యాగన్ అనేది అక్కడిదే. 1953లో వోల్వో డ్యూయెట్ అనే బండి తెచ్చింది. ఒకే బండిలో రెండు, వారమంతా దుకాణం సామాను, ఆదివారం కుటుంబం. ఆ కంపెనీ దాన్ని వదల్లేదు. 1967లో 145, 1974లో 245. డబ్బా లాంటి ఆ 240 సిరీస్ 1993 దాకా తయారైంది. అందం అడక్కండి. ఫ్రిజ్ పడుతుందా అని అడగండి, పడుతుంది.

మెర్సిడెస్ చాలాకాలం ఈ పని తన హైసియత్‌కు తగదనుకుంది. కావాలన్నవాళ్లకు బయటి బాడీ బిల్డర్లు కట్టి ఇచ్చేవాళ్లు. చివరికి 1977లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో తన సొంత ఎస్టేట్ చూపించింది. టీ మోడల్ అంటారు, కంపెనీ లెక్కలో ఎస్ 123. ఈ బండిలో ఒక విషయం ఉంది, దాని దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ కొనేవాడి జేబు కాలేది అక్కడే.

సెడాన్ డిక్కీలో రెండు సూట్‌కేసులు పడతాయి. వ్యాగన్‌లో ఇల్లే పడుతుంది. అంత బరువు వేస్తే వెనక భాగం కుంగి, ముందు లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తాయి. లగ్జరీ బండి అలా గాడిదలా కుంగితే ఏం మర్యాద? అందుకని మెర్సిడెస్ వెనక చక్రాల దగ్గర మామూలు షాక్ అబ్జార్బర్లకు బదులు నూనెతో పనిచేసే ఏర్పాటు పెట్టింది. బరువు పడగానే ఒక వాల్వ్ తెరుచుకుంటుంది, ఇంజిన్ నడిపే పంపు నుంచి నూనె వచ్చి వెనక భాగాన్ని మళ్లీ సమంగా లేపుతుంది. గుండ్రటి చిన్న గోళాల్లో గ్యాసు ఉండి కుదుపులు మింగుతుంది. వోల్వోలు తర్వాతి బండ్లలో ఇంకో రకం వాడాయి. నివోమాట్ అనే షాక్ అబ్జార్బర్, దానికి పంపు వేరే లేదు. రోడ్డు గుంతల్లో చక్రం కిందికీ పైకీ ఊగే బలంతోనే తనలో తాను ఒత్తిడి పెంచుకుని లేస్తుంది. ఇంజినీర్ల అక్ల్‌కు సలాం కొట్టాల్సిందే. ఆ తర్వాత వచ్చింది ఎయిర్ సస్పెన్షన్, రబ్బరు సంచుల్లో గాలి, దానికో కంప్రెసర్.

మూడింటి పనీ బరువు దాచిపెట్టడమే. హమాలీ పుట్టుకను దాచడమన్నమాట. లగ్జరీ వ్యాగన్‌కూ మామూలు వ్యాగన్‌కూ అసలు తేడా తోలు సీట్లలో లేదు, ఈ దాపరికంలో ఉంది. ముసలితనంలో ముందుగా చచ్చేదీ అదే. గోళాల్లో గ్యాసు పోతే వెనక భాగం రాయిలా ఎగురుతుంది. నివోమాట్ కారితే కుంగుతుంది. రబ్బరు సంచి పగిలితే బండి పడుకున్న ఒంటెలా ఉంటుంది. కొత్తవి కొనాలంటే పాత బండి ధరలో పెద్ద వాటా వాటికే పోతుంది.

మధ్యలో ఒక చిన్న కిస్సా. బీఎండబ్ల్యూలో పనిచేసే మాక్స్ రైస్‌బాక్ అనే ఇంజినీరుకు పిల్లలు, వాళ్ల సామాన్. 3 సిరీస్ కారులో పట్టవు. కంపెనీ వ్యాగన్ చెయ్యదు. ఆయన యాక్సిడెంట్‌లో దెబ్బతిన్న ఒక కారు కొని, స్నేహితుడి గ్యారేజీలో వెనక భాగం కోసి, తానే వ్యాగన్ చేసుకున్నాడు. కంపెనీ పెద్దలు చూశారు. 1987లో బీఎండబ్ల్యూ దాన్ని టూరింగ్ పేరుతో తెచ్చింది. ఇల్లు గడవక పుట్టిన బండి తర్వాత షోరూములో మెరిసింది. బండ్ల తారీఖ్‌లో నాకు ఇష్టమైన మనిషి ఈయనే.

ఆ తర్వాత వ్యాగన్లకు షౌక్ పట్టింది. 1994లో వోల్వో 850 ఎస్టేట్‌ను బ్రిటిష్ టూరింగ్ కార్ రేసుల్లోకి దింపింది, జనం నవ్వారు, ఫోటోలు మాత్రం ఆ బండివే ఎక్కువ పడ్డాయి. అదే ఏడాది ఆడీ, పోర్షే కలిసి ఆర్‌ఎస్ 2 అవాంత్ తెచ్చాయి. 315 హార్స్‌పవర్, వ్యాగన్‌గా తప్ప ఇంకో రూపంలో లేదు. అవి మన బజెట్ సంగతులు కావు, దాటేద్దాం.

అమెరికాలో మాత్రం ఈ బండి జనాజా లేచింది. దాన్ని చంపింది చమురు అనుకుంటారు. చమురు సగమే. 1973 సంక్షోభం తర్వాత 1975లో అక్కడి హుకూమత్ ఒక చట్టం చేసింది. కంపెనీలు అమ్మే కార్లు సగటున గాలన్‌కు ఇన్ని మైళ్లు ఇవ్వాలి. ట్రక్కుల్లాంటి వాటికి ఆ లెక్క సులువు. పెద్ద స్టేషన్ వ్యాగన్ కారు ఖాతాలో పడింది, కంపెనీ సగటు పాడు చేసింది. 1984 మోడల్‌గా క్రైస్లర్ మినీ వ్యాన్ వచ్చింది, ఆ తర్వాత ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ లాంటి ఎస్‌యూవీలు. అవి ట్రక్కు ఖాతా. కుటుంబం అదే, సామాన్ అదే, బండి మాత్రం ఇంకా ఎత్తు, ఇంకా బరువు. చమురు పొదుపు కోసం పెట్టిన కానూన్ కిందగా ఉండే బండిని చంపి ఎత్తు బండిని పెంచింది. జనరల్ మోటార్స్ పెద్ద వ్యాగన్లు, మా మామూ కప్రీస్‌తో సహా, 1996లో ఆగిపోయాయి.

అమ్మీని మేం చంకల్లో చేతులేసి ఎక్కించిన ఎత్తుకు వేరు అక్కడుంది.

ఇక మన దేశం. అంబాసిడర్‌కు ఎస్టేట్ రూపం ఉండేది. ఫియట్ 1100 మీద బయటి బాడీ బిల్డర్లు వ్యాగన్లు కట్టేవాళ్లు. కానీ జనం వాటిని చూసింది ఎక్కువగా అంబులెన్సులుగా. ఆ ముద్ర చెరగలేదు. 1992లో టాటా కంపెనీ ఎస్టేట్ పేరుతోనే ఒక బండి తెచ్చింది, చూడ్డానికి మెర్సిడెస్ టీ మోడల్ తమ్ముడిలా ఉండేది, కింద చాసిస్ మాత్రం పికప్ ట్రక్కుది. 2000 ప్రాంతంలో మారుతి బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, ఫియట్ వాళ్ల వ్యాగన్, 2004లో టాటా ఇండిగో మెరీనా. ఒక్కొక్కటీ వచ్చి సలాం చెప్పి వెళ్లిపోయింది. సామాన్, జనం ఎక్కువున్న కుటుంబాలు క్వాలిస్ ఎక్కాయి, తర్వాత ఇన్నోవా.

చివరి దెబ్బ 2006 బజెట్‌లో పడింది. పొడవు 4 మీటర్ల లోపు ఉండి, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకపోతే ఎక్సైజ్ 24 శాతం నుంచి 16కు తగ్గింది. ఆ రోజు నుంచి మన కార్ల కంపెనీలు గజం కర్ర పట్టుకుని డిక్కీలు కోయడం మొదలుపెట్టాయి. ఇండిగో సెడాన్‌నే వెనక కోసి 2008లో సీఎస్ పేరుతో అమ్మారు. డిక్కీ మీదే బతికే వ్యాగన్‌కు ఇక చోటేది? జీఎస్టీ వచ్చాక కూడా ఆ 4 మీటర్ల గీత చెరగలేదు. అమెరికాలో మైళ్ల లెక్క, ఇక్కడ మీటర్ల లెక్క. రెండు చోట్లా హుకూమత్ కొలత కర్ర ఈ బండి మీదే పడింది.

ఇందులో నాలాంటివాడికి ఒక ఫాయిదా కూడా ఉంది. ఎవరూ అడగని బండికి గిరాకీ ఉండదు, గిరాకీ లేని బండి చవక. కొత్తగా లక్షలు పోసిన వాళ్ల షౌక్ పదిహేనేళ్ల తర్వాత మన జేబుకు అందుతుంది. షరతు ఒక్కటే, చవగ్గా ఎందుకు వచ్చిందో తెలిసి కొనాలి.

నా ముందు మూడు దారులు తేలాయి. ఒకటి వోల్వో వీ90 క్రాస్ కంట్రీ, 2017లో 60 లక్షలకు మన దేశంలోకి వచ్చింది. బజెట్ గేటు దగ్గరే ఆగిపోయాను. రెండోది ఎప్పుడో ఇంపోర్టయిన పాత మెర్సిడెస్ ఎస్టేట్. అమ్మేవాడు చెప్పిన ధర నా బజెట్ కన్నా తక్కువ. సంతోషించబోయి, రాత్రి అక్కడే ఉంచమన్నాను. చదివిన తారీఖ్ పనికొచ్చింది ఇక్కడే. వెనక డిక్కీలో నాలుగు ఇసుక బస్తాలు పెట్టించి, ఇంజిన్ నడిపి లేచిందో లేదో చూసి, పొద్దున మళ్లీ వెళ్లాను. వెనక భాగం నేలను ముద్దు పెట్టుకుంటోంది. నూనె మరక చిన్న చాపంత. "వేడెక్కితే లేస్తుంది సాబ్" అన్నాడు. సలాం చెప్పి వచ్చేశాను.

మూడోది స్కోడా ఆక్టేవియా కొంబీ. స్కోడా 2001లో ఔరంగాబాద్‌లో కార్లు జోడించడం మొదలుపెట్టింది. ఒకప్పుడు నిజాం రియాసత్‌లోని ఊరే కాబట్టి పూర్తి పరాయి బండేం కాదని అమ్మీకి చెప్పుకున్నాను. ఆ కాలంలో ఇక్కడ ఆక్టేవియా అంటే పెద్దవాళ్ల బండే, డాక్టర్లు, వకీళ్లు వాడేవాళ్లు. నాకు కావాల్సిన విషయం దాని పేరులో లేదు, నడుంలో ఉంది. వెనక సస్పెన్షన్ మామూలు కాయిల్ స్ప్రింగులు, మామూలు షాక్ అబ్జార్బర్లు. బరువు వేస్తే కొంచెం కుంగుతుంది, దాచిపెట్టదు. పుట్టుక దాచని హమాలీ. మూడు లక్షల మనిషికి అలాంటి బండే సరిపోతుంది.

2007 మోడల్ ఒకటి దొరికింది, 1.9 డీజిల్. పుత్లీబౌలిలో నాకు ముప్పై ఏళ్లుగా తెలిసిన ఉస్తాద్‌ను వెంట తీసుకెళ్లాను. ఆయన బానెట్ తెరవలేదు. నేరుగా వెనక్కి వెళ్లి, డిక్కీ కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంతలో చెయ్యి పెట్టాడు. తడి. తలుపు చుట్టూ రబ్బరు పోతే వాన నీళ్లు మొదట చేరేది అక్కడే. తుప్పు మాత్రం పైపైనే ఉందన్నాడు. తర్వాత వెనక తలుపు ఎత్తి వదిలేశాడు, అది నిలబడకుండా ఆయన భుజం మీద పడింది. గ్యాసు రాడ్లు పోయాయి. ఇవి చిన్న ఖర్చులు. వెనక సీట్ల వీపు, డిక్కీ పక్క ప్లాస్టిక్ మీద గీతలు లెక్కపెట్టాడు. గీతలు మరీ ఎక్కువుంటే బండి దుకాణం సామాను మోసిందని అర్థం, మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపించినా సరే.

"సాబ్, ఆగే కా హిస్సా మిల్తా, పీఛే కా నై మిల్తా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. నేను చదివినవన్నీ ఆ ఒక్క మాటలో వచ్చేశాయి. వ్యాగన్‌లో ముందు సగం మామూలు ఆక్టేవియాదే. ఇంజిన్, బ్రేకులు, ముందు లైట్లు, తలుపులు, ఇవన్నీ రాణీగంజ్‌లోనో కబాడీలోనో దొరుకుతాయి. వెనక సగం వ్యాగన్‌కు మాత్రమే. వెనక అద్దం, టెయిల్ ల్యాంపులు, తలుపు రబ్బరు. అమ్ముడుపోని బండికి ఆ భాగాలు ఎవరు నిల్వ ఉంచుతారు? కాబట్టి అరుదైన బండి కొనేవాడు ఇంజిన్ కన్నా ముందు వెనక అద్దం చూడాలి.

ఇంజిన్ విషయంలో ఉస్తాద్ అడిగింది ఒక్కటే, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు? కాగితం లేదు. ఈ ఇంజిన్‌లో ఆ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లతో ఢీకొంటాయి, ఇంజిన్ పని ఖతం. కాగితం లేదంటే మార్చలేదనే లెక్క. బెల్ట్, వాటర్ పంపు ఖర్చు బేరంలో తగ్గించమన్నాను, తగ్గించాడు.

దస్తావేజుల సంగతి. ప్రైవేటు కారు ఆర్‌సీకి వయసు 15 ఏళ్లు. తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఫీజు 600 నుంచి 5,000 అయింది, పైన గ్రీన్ ట్యాక్స్. ఈ బండికి రెన్యూవల్ అయి ఉంది. ఇంతకు ముందు ఒక బ్రోకరు ఢిల్లీ నుంచి ఇదే మోడల్ చవగ్గా తెప్పిస్తానన్నాడు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లకు అప్పట్లో రోడ్డెక్కే హక్కు లేక ఇటు వస్తుండేవి. అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. లెక్క వేస్తే చవక ఎక్కడా కనిపించలేదు. మన హైదరాబాద్ నంబరు బండే మేలనుకున్నాను.

బయానా ఇచ్చే ముందు బండిని ఇంటికి తెప్పించాను. అమ్మీ వరండాలోంచి చూసి "అంబులెన్స్ తెచ్చావా?" అంది. నేనేం మాట్లాడలేదు. కుర్చీని తలుపు దగ్గరికి తోశాను. సీటు, కుర్చీ దాదాపు ఒకే ఎత్తు. మా ఆవిడ చెయ్యి అందించబోతే వద్దంది. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో సీటు పట్టుకుని, పక్కకు జరిగి, తనే కూర్చుంది. మేం కుర్చీ మడిచి వెనక్కి తోసేశాం. చక్రాలు విప్పాల్సిన పని లేకుండా పట్టింది. పక్కన వాకర్ కూడా. గల్లీ చివరి దాకా ఒక చక్కర్ వేయించమంది, వేయించాను. మాసాబ్ ట్యాంక్ దాకా వెళ్లి వద్దామంది.

మొన్న బెల్ట్ మార్పించాను, తలుపు రాడ్లు వేయించాను. సోమవారం ఫిజియోథెరపీకి వెళ్లొచ్చాం, ముగ్గురం ఒకే బండిలో. ఒక్క పని మిగిలింది. వెనక ఎడమ వైపు టెయిల్ ల్యాంపు పగిలి ఉంది. రాణీగంజ్‌లో అడిగాను, పుత్లీబౌలిలో అడిగాను, సెడాన్‌దే ఇస్తామంటున్నారు. అది పట్టదు. మొదటి తరం ఆక్టేవియా కొంబీది, ఎడమ వైపుది, మీ ఎరుకలో ఎవరి కబాడీలోనైనా ఉంటే చెప్పండి. సరైన ధర ఇస్తాను.